మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్లను చేర్చే హోమ్ మంచిదో కాదో తేల్చుకోవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ఇక్కడ అమ్మకో నాన్నకో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముదిరి, ఇంట్లో చూసుకోవడం చేతకాని స్థితి వచ్చినప్పుడు గోదావరి జిల్లాల కుటుంబాలు అడిగే ప్రశ్నలివి. హోమ్ రాజమండ్రిలో ఉన్నా, భీమవరంలో ఉన్నా, అమలాపురం పక్క పల్లెలో ఉన్నా చూడవలసినవి ఇవే.

"నర్సింగ్ హోమ్" అని బోర్డు ఉంది. అంటే డిమెన్షియా వాళ్లను చూసుకుంటారనేగా?

కాదు. మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే పది ఇరవై పడకల ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ సెలైను ఎక్కిస్తారు, ఆపరేషన్ చేస్తారు. సాయంత్రం కాగానే "ఇంటికెళ్లాలి" అంటూ లేచి నడిచే మనిషితో ఏం చేయాలో వాళ్లకి తెలియదు. వృద్ధాశ్రమాల్లో చాలావాటికి తన పని తాను చేసుకోగలిగినవాళ్లే కావాలి. అయినా మన దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా ఈ జబ్బు ఉందని 2023లో వచ్చిన జాతీయ స్థాయి అంచనా. కాబట్టి బోర్డు మీద రాసినా రాయకపోయినా ప్రతి ఆశ్రమంలోనూ ఈ జబ్బున్నవాళ్లు ఉంటారు. "మీ దగ్గర ఇప్పుడు డిమెన్షియా వాళ్లు ఎంతమంది? వాళ్లలో నడిచేవాళ్లెందరు, మంచం మీదున్నవాళ్లెందరు?" అని అడగండి. మేనేజరు తడుముకోకుండా అంకె చెప్పాలి.

ఏ కాగితాలు అడగాలి?

చాలాచోట్ల గోడకి సొసైటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి "గవర్నమెంటు గుర్తింపు ఉందండి" అంటారు. సొసైటీ పెట్టుకున్నారని తప్ప ఆ కాగితం ఇంకేమీ చెప్పదు. వైద్యం చేస్తామంటే, రాష్ట్రంలో ప్రైవేటు అల్లోపతి వైద్య సంస్థలకు వర్తించే 2002 చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, దాని గడువు దాటకూడదు. మానసిక జబ్బులవాళ్లను ఉంచుకుని చికిత్స చేసే సంస్థలు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రాష్ట్ర అథారిటీ దగ్గర నమోదు కావాలి. డిమెన్షియా కేర్ అని ప్రకటన ఇచ్చుకునే హోమ్‌ని ఈ నమోదు గురించి సూటిగా అడగండి. ఫైర్ అనుమతి, నర్సుల కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్లు కూడా చూడండి. కాగితాలన్నీ ఉన్నంత మాత్రాన మంచి హోమ్ అయిపోదు. ఒక్కటీ చూపించలేని హోమ్‌ని మాత్రం నమ్మక్కర్లేదు.

చేర్చేముందు ఇంటి దగ్గర ఏం చేసుకోవాలి?

జబ్బు పేరు ఖాయం చేసుకోండి. కాకినాడ జీజీహెచ్‌లోనో (ప్రభుత్వ పెద్దాసుపత్రి) దగ్గర్లోని న్యూరాలజిస్టు, సైకియాట్రిస్టు దగ్గరో ఒకసారి పూర్తిగా చూపించాలి. బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, పడినప్పుడు తలలో రక్తం గూడుకట్టినా, డిప్రెషన్ ఉన్నా మతిమరుపు లాగే కనిపిస్తుంది. వాటిలో కొన్ని మందులతో తగ్గేవే. నాలుగు రోజుల్లో మనిషి హఠాత్తుగా తారుమారైతే అది డిమెన్షియా ముదరడం కాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం, వారం రోజుల మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, ఏదైనా కావచ్చు.

తర్వాత ఒక పేజీ రాయండి. ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు, కాఫీనా టీనా, చక్కెర ఎంత, ఏ చేత్తో తింటారు, ఎన్నింటికి లేస్తారు, దేనికి భయపడతారు, వెనక ఏ పని చేసేవారు. ఈ కాగితం ఇచ్చినప్పుడు మేనేజరు చదువుతారా, ఫైల్లో పెట్టేస్తారా అన్నది మీ మొదటి పరీక్ష.

ఎప్పుడు వెళ్లి చూడాలి?

ఫోన్ చేసి ఆదివారం పొద్దున్న పదకొండింటికి వెళితే ఏ హోమైనా బాగానే ఉంటుంది. అప్పటికి స్నానాలయ్యి, బట్టలు మార్చి, అందర్నీ హాల్లో కూర్చోబెట్టి ఉంచుతారు. చెప్పకుండా సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర మధ్య వెళ్లండి. పొద్దువాలే వేళకి ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి కలత ఎక్కువవుతుంది. "పిల్లలు బడి నుంచి వచ్చుంటారు", "గేదె పాలు పితకాలి", "చేలో నీళ్లు కట్టాలి" అంటూ గుమ్మం వైపు నడుస్తారు. సరిగ్గా ఆ వేళకే పగటి డ్యూటీవాళ్లు దిగి రాత్రివాళ్లు ఎక్కుతారు. ఆ రెండు గంటల్లో కనిపించేదే ఆ హోమ్ అసలు రూపం.

రెండోసారి భోజనం వేళకి వెళ్లండి. వీలైతే సంక్రాంతి మూడు రోజుల్లో ఒకసారి తొంగిచూడండి. కనుమ నాడు మన జిల్లాల్లో పనికి వచ్చేవాళ్లు దొరకడం ఎంత కష్టమో తెలిసిందే. ఆ రోజు ఎంతమంది డ్యూటీలో ఉన్నారో, సెలవుల పట్టీ ముందే వేసుకున్నారో లేదో చూస్తే మిగతా ఏడాది సంగతి తెలిసిపోతుంది.

లోపలికి వెళ్లాక ముందుగా ఏం గమనించాలి?

ముక్కుకి పని చెప్పండి. ఒక గదిలో మూత్రం వాసన వస్తే ఇప్పుడే ఎవరికో డైపర్ మార్చాలని అర్థం. హాలూ వరండా అంతా అదే వాసన వస్తే మార్చడమే మానేశారని. ఫినాయిల్ ఘాటు కళ్లు మండేలా ఉన్నా అనుమానించండి.

తర్వాత చేతులూ కాళ్లూ చూడండి. గోళ్లు తీసి ఉన్నాయా, గోళ్లలో మట్టి ఉందా, మగవాళ్లకి గెడ్డం ఎన్నాళ్లది, కళ్లజోడు ఎవరిది వాళ్లకే ఉందా, పళ్ల సెట్టు నోట్లో ఉందా డబ్బాలో ఉందా. మతిమరుపు ఉన్నవాళ్ల వస్తువులు కలిసిపోతాయి. ఒకరి కళ్లజోడు ఇంకొకరు పెట్టుకుని "కనపడట్లేదు" అంటూ కూర్చునే హోములు ఉన్నాయి.

మాట కూడా వినండి. "మామ్మగారూ, కాఫీ తాగారా అండి" అని పక్కన వంగి అడిగే ఆయాకీ, గుమ్మంలోంచి "ఏయ్ ముసలీ, కూర్చో" అని అరిచే ఆయాకీ తేడా ఏ సర్టిఫికెట్టూ చెప్పదు. పనివాళ్లకి తెలుగు వచ్చా అన్నది కూడా చూడాలి. జబ్బు ముదిరేకొద్దీ చాలామందిలో తర్వాత నేర్చిన భాషలు ముందు పోతాయి. జీవితమంతా ఇంగ్లీషు మాట్లాడిన లెక్చరరు గారికైనా చివరికి మిగిలేది ఇంటి భాషే.

ఇంకో చిన్న విషయం, కానీ దీనివల్ల కూడా మనుషులు పడతారు. నిగనిగలాడే టైల్సు వాళ్ల కంటికి తడినేలలా కనిపిస్తాయి, నల్లటి పట్టా గొయ్యిలా కనిపిస్తుంది. దాన్ని దాటబోయి పడతారు. బాత్రూము తలుపు మీద అక్షరాల కన్నా కమోడు బొమ్మ మేలు. గోడకి పట్టుకునే కడ్డీ ఉందో లేదో, ఉంటే మీరే గట్టిగా లాగి చూడండి.

ఎంతమంది పనివాళ్లుండాలి?

పగలు నలుగురైదుగురు డిమెన్షియా వాళ్లకి ఒక మనిషి, రాత్రి ఎనిమిదిమందికి ఒక మనిషి మెలకువగా ఉంటే పని నడుస్తుందని మా అంచనా. అంతకన్నా తక్కువైతే ఎక్కడో ఒకచోట కట్టేయడమో, మత్తు మాత్రో, ఉదయం దాకా మార్చని డైపరో జరిగి తీరుతుంది.

"మొత్తం స్టాఫ్ ఎంతమంది?" అని అడిగితే వంటావిడనీ, డ్రైవర్నీ, వాచ్‌మన్‌నీ కలిపి చెబుతారు. "ఈ రోజు రాత్రి రెండింటికి మెలకువగా ఉండేది ఎవరు, పేర్లు చెప్పండి" అని అడగండి. "అందరూ ఇక్కడే పడుకుంటారండీ, పిలిస్తే లేస్తారు" అని సమాధానం వస్తే రాత్రి డ్యూటీ లేదన్నమాట. ఆడవాళ్లకి స్నానం చేయించేది ఆడమనిషేనా, ఇరవైనాలుగు గంటలూ ఆడమనిషి ఉంటుందా అన్నది విడిగా అడిగి తీరాలి. ఏడాదిలో ఎంతమంది పని మానేశారో కూడా అడగండి. మనుషులు నెలనెలా మారే చోట మతిమరుపు ఉన్నవాళ్లకి రోజూ అందరూ కొత్తవాళ్లే.

ఏ రిజిస్టర్లు చూపించమనాలి?

పేర్లు చేత్తో మూసి చూపించమంటే అభ్యంతరం చెప్పకూడదు. మందులిచ్చిన చార్టు, బరువుల పుస్తకం, పడిపోయినవాళ్ల పుస్తకం, మంచం మీదున్నవాళ్లను పక్కకు తిప్పిన చార్టు. ఇవి నాలుగూ చాలు.

చదివే పద్ధతి ఉంది. నెలరోజుల చార్టు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, కొట్టివేత ఒక్కటీ లేకుండా ఉంటే అది ఒక్క పూటలో కూర్చుని నింపింది. మధ్యాహ్నం రెండింటికి వెళ్లినప్పుడు సాయంత్రం ఆరింటి గడిలో అప్పుడే టిక్కు ఉంటే ఇక అడగాల్సిందేమీ లేదు. పడిపోయినవాళ్ల పుస్తకం ఖాళీగా ఉంటే సంతోషించకండి. ఇరవైమంది డిమెన్షియా వాళ్లున్న చోట ఆరునెలల్లో ఒక్కరూ పడలేదంటే, రాయడం లేదనో, ఎవర్నీ లేవనివ్వడం లేదనో అర్థం.

నిద్రమాత్రలిచ్చి పడుకోబెడతారంటారు. ఎలా కనిపెట్టాలి?

అందరూ భయపడేది దీనికే, అందులో తప్పు లేదు. క్వెటియాపిన్, ఒలాంజపిన్, రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ లాంటి మందులు డిమెన్షియాలో ఇచ్చినప్పుడు పక్షవాతం, మరణం ముప్పు పెరుగుతాయని చాలా ఏళ్లుగా హెచ్చరికలున్నాయి. వాడకూడదని కాదు. తననో పక్కవాళ్లనో కొట్టి గాయపరిచేంత ఉద్రేకం ఉంటే, భ్రమలతో హడలిపోతుంటే, డాక్టరు తక్కువ మోతాదులో మొదలుపెడతారు, కొన్ని వారాలకి మళ్లీ చూస్తారు, వీలైతే తగ్గిస్తారు. తప్పు ఎక్కడంటే, ఒకసారి మొదలుపెట్టిన మాత్ర రెండేళ్లు ఎవరూ ప్రశ్నించకుండా నడవడం. లూయీ బాడీ రకం డిమెన్షియాలో ఈ మందులు మరీ ప్రమాదం. బిగుసుకుపోతారు, మింగలేరు. క్లోనజెపామ్, లోరజెపామ్ రకాలు మత్తుతో పాటు పడిపోవడాన్ని పెంచుతాయి. దురదకీ జలుబుకీ ఇచ్చే అవిల్ కూడా మతిని ఇంకా చెదరగొడుతుంది. "నిద్రకి మంచిదండీ" అని ఇస్తుంటే ఆపించండి.

పదకొండు గంటలవేళ హాల్లో సగంమంది గెడ్డం గుండెకి ఆనించి కునుకుతుంటే, పెదవి కొసన చొంగ కారుతుంటే, చేతులు కర్రల్లా బిగుసుకుని పాదాలు నేలకి రాస్తూ నడుస్తుంటే ఆ హోమ్‌లో మత్తు ఎక్కువే. "రాత్రి నిద్రపోకుండా తిరిగేవాళ్లని ఏం చేస్తారు?" అని అడగండి. "మాత్ర ఉందండీ" అన్నది మొదటి మాటగా వస్తే వద్దు. మంచి చోట ముందు కారణం వెతుకుతారు. నొప్పా, మూత్రమా, ఆకలా, చెమటా, పగలు ఎక్కువ పడుకున్నారా అని చూస్తారు. కాసేపు వరండాలో నడిపిస్తారు, గోరువెచ్చని పాలిస్తారు.

చేర్చాక నెలకోసారి మాత్రల పట్టీలను ప్రిస్క్రిప్షన్‌తో పోల్చుకోండి, లెక్కపెట్టండి. మీకు చెప్పకుండా కొత్త మందు మొదలుపెట్టకూడదని అగ్రిమెంటులోనే రాయించుకోండి.

కుర్చీకి చున్నీతో కట్టేసి "పడిపోకుండా అండీ" అంటున్నారు. సబబేనా?

కాదు. మానసిక ఆరోగ్య చట్టం గొలుసులు పూర్తిగా నిషేధించింది. ఇతరత్రా కదలకుండా చేయడం వెంటనే వచ్చే ప్రమాదం ఆపడానికి ఇంకో దారి లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపే. కారణం రాయాలి, 24 గంటల్లో రోగి తరఫున నియమితుడైన ప్రతినిధికి తెలపాలి. శిక్షగా వాడకూడదు, పనివాళ్లు చాలక వాడకూడదు. పైగా కట్టేసినవాళ్లు పెనుగులాడి కుర్చీతో సహా పడతారు, కండ కరిగి త్వరగా మంచాన పడతారు. మణికట్ల మీద, నడుము మీద గీతలుంటే ఫొటో తీసుకోండి. కదలనివ్వకుండా ముందు బల్ల బిగించే కుర్చీ, ఎత్తు కటకటాల మంచం కూడా ఈ లెక్కలోవే.

బయటికి వెళ్లి తప్పిపోకుండా ఏం ఏర్పాట్లుండాలి?

డెల్టాలో ఈ ప్రశ్న అన్నిటికన్నా ముందు అడగాలి. ఎటు చూసినా నీళ్లే. హోమ్ గేటు నుంచి పంటకాలువకో, చేపల చెరువుకో, రొయ్యల చెరువుకో ఎన్ని అడుగులో మీరే నడిచి చూడండి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చూసి "ఎండిపోయే ఉందిలే" అనుకోవద్దు. నీళ్లు వదిలాక అదే కాలువ నిండుగా పారుతుంది. చిన్నప్పటి నుంచీ కాలువలో స్నానం చేసిన మనిషికి నీళ్లు కనిపిస్తే రేవులోకి దిగాలనే అనిపిస్తుంది.

గేటుకి గొళ్లెం ఉంటే సరిపోదు, మోగే గంటో బజరో ఉండాలి. అలాగని గదులకి బయట నుంచి తాళాలు వేసే చోట మంట లేస్తే గతేమిటి? ప్రహరీ లోపల గుండ్రంగా తిరిగి మళ్లీ గుమ్మం దగ్గరికే వచ్చే నడకదారి ఉంటే తిరగాలనుకునేవాళ్లు తిరిగి వస్తారు. కోనసీమలో చాలా హోములు కొబ్బరితోటల్లోనే ఉన్నాయి, నీడ బాగుంటుంది. కాని దింపు (చెట్ల మీది కాయలు దించడం) వేళకి తీయించకపోతే ఎండుమట్టా, కాయా నెత్తిన పడతాయి. "దింపు ఎప్పుడు తీయించారు?" అని అడగండి, నవ్వినా ఫర్వాలేదు.

ఎవరైనా కనపడకపోతే ఎన్ని నిమిషాలకి పోలీసుకి, కుటుంబానికి ఫోన్ చేస్తారో చెప్పమనండి. లోపల పదిహేను నిమిషాలు వెతికి ఫోన్ చేయాలి. ఒక మనిషిని మాత్రం మొదటి నిమిషంలోనే నీటి వైపు పంపాలి.

తిండి సంగతి ఎలా చూడాలి?

మెనూ కాగితం చూడొద్దు, తినడం చూడండి. జబ్బు ముదిరినవాళ్లకి చేత్తో తినిపించడానికి అరగంట నుంచి నలభై నిమిషాలు పడుతుంది. ఒక ఆయా ఐదుగురి నోళ్లలో వరసగా ముద్దలు పెట్టుకుంటూ పోతుంటే అవి గొంతులో అడ్డం పడేవే. నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టకూడదు. పల్చటి నీళ్లకి దగ్గు వచ్చేవాళ్లకి రాగి జావలా చిక్కగా చేసి ఇవ్వాలి. ఇక్కడ చేప లేని వారం ఉండదు కాబట్టి ముళ్లు ఎవరు తీస్తున్నారో అడగండి. కొర్రమీను, పండుగప్ప ముక్క ఇచ్చే చోట ఒక రకం, ముళ్ల చేప పులుసు కలిపి పెట్టేసే చోట ఇంకో రకం. తెల్లటి పళ్లెంలో తెల్లన్నం పెరుగు వాళ్లకి కనపడక వదిలేస్తారు. రంగు పళ్లెంలో పెడితే తినేస్తారు.

బరువు నెలకోసారి తూయాలి. నెలలో నూటికి ఐదు వంతులు, ఆరునెలల్లో పది వంతులు తగ్గితే డాక్టరు చూడాలి. అంటే 50 కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గడం. గుండె, కిడ్నీ ఆంక్షలు లేకపోతే రోజుకి లీటరున్నర దాకా నీళ్లు, మజ్జిగ, కొబ్బరినీళ్లు కలిపి పోవాలి. మేలో ఇంకాస్త. రాత్రి డైపర్లు తడవకూడదని సాయంత్రం నుంచి నీళ్లు మానేసే హోములున్నాయి, జాగ్రత్త.

ముక్కులో పైపు వేద్దామని తొందరపెడితే ఆగండి. ముదిరిన డిమెన్షియాలో పైపు ఆయుష్షు పెంచుతుందనిగాని, ఊపిరితిత్తుల్లోకి ఆహారం పోకుండా ఆపుతుందనిగాని ఆధారాలు లేవు. పైపు వల్ల తగ్గేది తినిపించే టైము. మూత్రానికి ఊరికే పైపు వేసి ఉంచడమూ ఇలాంటిదే, ఇన్ఫెక్షన్ తెస్తుంది.

పడకపుండ్లు సహజమేనా?

"మంచం మీదుంటే వస్తాయండీ" అనే మాట ఒప్పుకోకండి. రెండు గంటలకోసారి పక్క మార్చి, ఎయిర్ బెడ్ (మోటారుతో గాలి నింపే పరుపు) వేసి, తడి ఉంచకపోతే చాలామటుకు రావు. నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే తెల్లబడకపోతే పుండు మొదలైందని గుర్తు. ఎయిర్ బెడ్ ఉన్నా మోటారు ప్లగ్గు తీసేసి ఉంటుంది, వంగి చూడండి. మన ఉక్కపోతకి డైపర్ కింద గజ్జల్లో తామర త్వరగా పడుతుంది. రోజుకి మూడు నాలుగు డైపర్లు అవుతాయి. బిల్లులో నెలకి ముప్పై చూపిస్తే ఒక్కటే మారుస్తున్నారని, మూడొందలు చూపిస్తే ఇంకెవరి ఖర్చో మీరు కడుతున్నారని.

రోజంతా టీవీ ముందు కూర్చోబెడితే?

బాగోదు. బియ్యంలో రాళ్లు ఏరడం, గోంగూర దూయడం, పూలు గుచ్చడం, పీచుతో తాడు పేనడం, చేతులకి అలవాటైన పనులు ఇవ్వాలి. పని సరిగా వస్తుందా అన్నది ముఖ్యం కాదు.

వరద, తుఫాను వస్తే?

1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుఫాను చూసినవాళ్లకి ఈ ప్రశ్న వింతగా ఉండదు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. హోమ్ లంకలోనో ఏటిగట్టు లోపలివైపో ఉంటే ఏ హెచ్చరికకి మనుషుల్ని కదుపుతారు, ఎక్కడికి, ఏ బండిలో అన్నది రాసి ఉండాలి. మంచం మీదున్నవాళ్లని మూడో హెచ్చరిక దాకా ఉంచితే కదపలేరు. జనరేటరు ఎన్ని గంటలు నడుస్తుంది, డీజిలు ఎంత ఉంది, ఆక్సిజన్ మిషనూ ఎయిర్ బెడ్లూ దాని మీద ఉన్నాయా, ఇన్సులిన్ పెట్టిన ఫ్రిజ్ ఉందా అడగండి. వారానికి సరిపడా మందులు, డైపర్లు ముందే నిలవ ఉండాలి. మనుషుల చేతికి పేరు, ఫోన్ నంబరు రాసిన పట్టీ కట్టాలి.

డబ్బు విషయంలో ఎక్కడ మోసపోతాం?

నెల చార్జీలో ఏమేమి ఉన్నాయో, ఏవి విడిగా వేస్తారో కాగితం మీద రాయించుకోవాలి. డైపర్లు, మందులు, డాక్టరు ఫీజు, ఆసుపత్రికి తోడు మనిషి, అంబులెన్సు, ఎయిర్ బెడ్ అద్దె. అడ్వాన్సు ఎన్నాళ్లలో తిరిగిస్తారు, మనిషి పోతే ఆ నెల లెక్క ఏమిటి, జబ్బు ముదిరితే చార్జీ ఎంత పెరుగుతుంది. 70 దాటినవాళ్లకి ఆయుష్మాన్ భారత్ ఉన్నా, అది ఆసుపత్రిలో చేరిన ఖర్చుకే, హోమ్ చార్జీకి కాదు.

పింఛను ఏటీఎం కార్డు, పాసుపుస్తకం, వేలిముద్ర, ఖాళీ కాగితం మీద సంతకం, వీటిలో ఏది అడిగినా లేచి వచ్చేయండి. "ఇల్లు రాసిస్తే జీవితాంతం చూస్తాం" అనే ఒప్పందం అసలు వద్దు. చూసుకోవాలనే షరతుతో రాసిచ్చిన ఆస్తిని చూసుకోకపోతే రద్దు చేయించే వీలు 2007 తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షన్‌లో ఉంది, కాని ఆ షరతు దస్తావేజులో రాసి ఉంటేనే ధీమా.

బాగా లేదనిపిస్తే ఎవరికి చెప్పాలి?

ముందు మేనేజరుకి రాతపూర్వకంగా, తేదీ వేసి, ఫొటోలతో. కదలిక లేకపోతే జిల్లా వైద్యారోగ్య శాఖాధికారికి, వయోవృద్ధుల సంక్షేమ శాఖకి. పోషణ, ఆస్తి గొడవలైతే ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కి. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567, న్యాయ సహాయానికి 15100, మానసిక ఆరోగ్య సలహాకి టెలీ మానస్ 14416. కొట్టిన గుర్తులుంటే ఇవేవీ కాదు, 112.

చేర్చాక మొదటి నెల ఎన్నిసార్లు వెళ్లాలి?

"అలవాటు పడేదాకా నెల రోజులు రావద్దు" అంటే ఒప్పుకోకండి. వారానికి రెండుసార్లు, వేర్వేరు వేళల్లో, చెప్పకుండా. మొదటి రెండు మూడు వారాలు తిండి తగ్గడం, రాత్రులు తిరగడం మామూలే. బరువు తగ్గుతూ పోవడం, కొత్త కమిలిన మచ్చలు, మీ ముందు ఆయాను చూసి ముడుచుకుపోవడం మామూలు కాదు. వెళ్లినప్పుడు సాక్సు విప్పి మడమలు చూడండి. దూరంగా ఉన్న పిల్లలు వీడియో కాల్‌లో ముఖం మాత్రమే చూస్తారు కాబట్టి, ఊళ్లో ఉన్న చుట్టం ఒకరికి ఈ పని అప్పగించాలి.

"నన్ను ఇంటికి తీసుకెళ్లిపో" అని ప్రతిసారీ అంటారు. ఏం చెప్పాలి?

ఇది మీ ఇల్లే అని వాదించకండి. "ఇంటి దగ్గర ఏముందమ్మా?" అని అడగండి. వాళ్లు చెప్పే ఇల్లు మీరు ఎరగనిది, పుట్టింటిదో చిన్ననాటిదో కావచ్చు. ఆ పెరడు, ఆ నుయ్యి, ఆ గేదె గురించి చెప్పనివ్వండి. బయల్దేరేటప్పుడు వీడ్కోలు సాగదీయకుండా, అన్నం వేళకి ఆయా చేయి అందుకున్నాక లేవండి. ఆయా పేరు గుర్తుపెట్టుకుని, ఆమెతో కూడా "వెళ్లొస్తానమ్మా" అని చెప్పి రండి.